ఏ దూరపు చూపు కావాలి?

శుక్లం ఇంట్లోకి చప్పుడు చేయకుండా వస్తుంది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకని ఇంటిల్లిపాదీ దానికి వేరే పేర్లు పెట్టుకుంటారు. మా నాన్నగారి విషయంలో దాని మొదటి పేరు "అచ్చు బాగా లేదు". ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు పండితులుగా పనిచేసిన మనిషి, కొత్త పుస్తకం తెరిచిన ప్రతిసారీ ఇప్పటి ముద్రాపకుల సిరానూ కాగితాన్నీ నిందించి మూసేసేవారు. ఊళ్ళో దానికి పెట్టిన పేరు "గర్వం". వీధిలో నమస్కారం పెట్టిన పాత శిష్యులకు ప్రతినమస్కారం అందక, మాస్టారు ఈ మధ్య మనుషులను లెక్కచేయడం లేదని అనుకున్నారు. రెండేళ్ళలో మూడుసార్లు అద్దాలు మార్చినా ఫలితం లేకపోయాక గాని అసలు పేరు బయటపడలేదు.

మనం "పొర తీయించుకోవడం" అంటాం గాని, శుక్లం కంటిపైన పెరిగే పొర కాదు. కంటిపాప వెనుక ఉన్న సహజమైన కటకమే మసకబారడం. గుడ్డులోని పారదర్శకమైన సొన ఉడికితే తెల్లబడినట్టే, కటకంలోని మాంసకృత్తులు ఏళ్ళ తరబడి మార్పు చెంది వెలుగును అడ్డగిస్తాయి. తెలంగాణలో దీన్నే మోతిబిందు అంటారు. ఒకసారి మసకబారిన కటకాన్ని చుక్కల మందు గాని, పసరు గాని, పథ్యం గాని తిరిగి తేటపరచలేవు. దాన్ని తీసి మరొకటి పెట్టడమొక్కటే దారి.

ఆ మాట చెప్పగానే నాన్నగారు ససేమిరా అన్నారు. ఆయన భయం వెనుక మా నాయనమ్మ ఉంది. 1970లలో ఒక కంటి శిబిరంలో ఆవిడకు శస్త్రచికిత్స జరిగింది. రోజుల తరబడి తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలి, దగ్గరాదు, తుమ్మరాదు. అప్పట్లో అలాంటి శిబిరాల్లో కటకాన్ని తీసేసేవారే గాని బదులు ఏమీ పెట్టేవారు కాదు. ఆ లోటు తీర్చడానికి సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. వాటిలోంచి చూస్తే ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా పెద్దగా, దగ్గరగా కనిపిస్తుంది. నాయనమ్మ చెంబుతో నీళ్ళు పోస్తే గ్లాసు పక్కన పడేవి. ఆ అద్దాలు పగిలిన రోజున ఆవిడ మళ్ళీ గోడ పట్టుకొని నడిచింది. అదంతా కళ్ళారా చూసిన కొడుకు భయపడడంలో వింత లేదు.

ఆ భయం పుట్టిన కాలానికే లోకంలో మరో దారి మొదలై ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన చోదకుల కళ్ళలో గుచ్చుకున్న ప్లాస్టిక్ ముక్కలు కంటికి పెద్దగా చెరుపు చేయకుండా ఉండిపోవడం గమనించి, హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు 1949లో లండనులో మొదటిసారి కృత్రిమ కటకాన్ని కంటిలో అమర్చాడు. 1967లో అమెరికాలో ఛార్లెస్ కెల్మన్, దంతవైద్యుడు పళ్ళు శుభ్రం చేసే అతిధ్వని పరికరం నుంచి ఊహ అందుకొని, కటకాన్ని లోపలే పొడిచేసి చిన్న రంధ్రం గుండా పీల్చే పద్ధతి కనిపెట్టాడు. ఇప్పుడు ఫేకో అంటున్నది దాన్నే. మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా 1992లో ఆరోల్యాబ్ మొదలై తక్కువ ధరకే కటకాలు తయారు చేశాక, మన దేశంలో పేదవారికి కూడా ఆ సౌకర్యం అందుబాటులోకి వచ్చింది.

నాన్నగారికి మరో నమ్మకం కూడా ఉండేది: శుక్లం బాగా ముదరాలి, అప్పుడే తీయాలి. ఆ మాట పాతకాలపు పద్ధతికి చెల్లింది. ఇప్పుడు ముదిరేకొద్దీ కటకం గట్టిపడి, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడవలసి వస్తుంది, కంటికి శ్రమ పెరుగుతుంది. మసక వల్ల మన నిత్యకృత్యాలు ఆగిపోతున్నాయా అన్నదే ఇవాళ్టి కొలమానం. చదవడమే నిత్యకృత్యమైన మనిషికి అవి ఎప్పుడో ఆగిపోయాయి.

ఆసుపత్రిలో రక్తపోటు, చక్కెర చూశారు. కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలిచి, పెట్టవలసిన కటకపు శక్తిని లెక్కగట్టారు. వాడే మందులన్నీ అడిగారు. ప్రోస్టేట్ ఇబ్బందికి టామ్సులోసిన్ వాడే, లేదా ఒకప్పుడు వాడిన మగవారు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. శస్త్రచికిత్స సమయంలో ఆ మందు వల్ల కంటిపాప సరిగా విచ్చుకోకపోవచ్చు. రక్తం పలచబరిచే మాత్రలను మాత్రం సొంతంగా ఆపకూడదు.

అప్పుడు డాక్టరమ్మ ఒక ప్రశ్న అడిగింది. "మాస్టారూ, ఈ లెన్సు ఒక్క దూరానికే సూటిగా పనిచేస్తుంది. మీకు దూరం స్పష్టంగా కావాలా, దగ్గరా?"

అన్నయ్య అందుకొని, "దూరమే పెట్టండి డాక్టరుగారూ, రోడ్డు మీద నడవాలి కదా" అన్నాడు. రెండు దూరాలకూ పనికొచ్చే ఖరీదైన కటకం సంగతి కూడా అడిగాడు. అది వెలుగును పంచుకొని పనిచేస్తుందనీ, చక్కెర వ్యాధి వల్ల రెటీనాలో అప్పటికే మార్పులున్న కంటికి దాన్ని సిఫారసు చేయననీ ఆవిడ చెప్పింది.

నాన్నగారు అంతవరకూ మౌనంగా ఉన్నారు. "నేను పదహారో ఏట నుంచీ అద్దాలు పెట్టుకొని వీధి చూస్తున్నాను, తీసేసి పుస్తకం చదువుతున్నాను. ఈ వయసులో ఆ అలవాటును తలకిందులు చేయకండమ్మా. నాకూ అక్షరానికీ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు" అన్నారు. మూరెడు దూరంలో పుస్తకం స్పష్టంగా కనిపించేలా కటకాన్ని నిర్ణయించారు.

శస్త్రచికిత్స పదిహేను నిమిషాలు. అంతకన్నా ఎక్కువసేపు పట్టింది కంటిపాప విచ్చుకోవడానికి చుక్కలు వేసి కూర్చోబెట్టడమే. కన్ను మొద్దుబారడానికి కూడా చుక్కలే వేశారు, నాన్నగారికి సూది అవసరం కాలేదు. ముఖం మీద గుడ్డ కప్పుతారు. పెద్ద వెలుగు, అందులో కదిలే రంగులు, చెంప మీదుగా జారే నీళ్ళు, యంత్రం చప్పుడు తప్ప ఏమీ తెలియలేదట. మూడు మిల్లీమీటర్లకు మించని గాటు, కుట్లు లేవు. మడతపెట్టిన కటకం లోపలికి వెళ్ళి విచ్చుకుంటుంది. దగ్గు వస్తున్నట్టనిపిస్తే కదలకుండా ముందే చెప్పాలి. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం.

మొదటి రోజు చూపు మసకగానే ఉంది. ఇసుక పడ్డట్టు గరగర, నీరు కారడం. అవి సహజమే. మర్నాడు కట్టు విప్పాక ఆయన ఒక్కో కన్నూ మూసి గోడ వంక చూశారు. కొత్త కంటికి తెల్లగా ఉన్న సున్నం, పాత కంటికి టీ ఒలికినట్టు కనిపించిందట. పసుపు పచ్చబడిన కటకం ఇన్నేళ్ళూ నీలిరంగును మింగేసింది మరి. నాలుగో రోజున గత రెండేళ్ళ దినచర్య పుస్తకం తెరిచి, వరుస మీద వరుస ఎక్కిన తన రాతను చూసుకొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అలమారలోంచి ఒక పుస్తకం తీసి, "అచ్చు బాగానే ఉందిరా" అన్నారు.

అసలు పరీక్ష ఇంట్లోవాళ్ళది. సూక్ష్మజీవి నాశక చుక్కలు పది రోజులు, స్టెరాయిడ్ చుక్కలు క్రమంగా తగ్గిస్తూ ఆరు వారాలు. రెండు మందుల మధ్య ఐదు నిమిషాల ఎడం, సీసా మొన కంటికి తగలకూడదు, ప్రతిసారీ చేతులు కడుక్కోవాలి. అమ్మ క్యాలెండరు వెనుక గళ్ళు గీసి, వేసిన ప్రతి చుక్కకూ పెన్సిలుతో గీత పెట్టింది. కన్ను నులమడం, బరువులెత్తడం, సాష్టాంగపడడం, పొయ్యి పొగ, వైద్యులు ఒప్పుకునే దాకా తలస్నానం నిషిద్ధం. రాత్రి నిద్రలో చేయి తగలకుండా ప్లాస్టిక్ రక్షణ కవచం. పత్రికలు చదవవచ్చు, టీవీ చూడవచ్చు, వాటివల్ల కన్ను చెడదు.

ఒక్క సంగతి మాత్రం మరచిపోకూడదు. రోజులు గడిచేకొద్దీ కన్ను తేరుకోవాలి. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా, మెరుపులు గాని నల్లని తెర గాని కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా వైద్యుల దగ్గరకు వెళ్ళాలి. సోకు అరుదే గాని, సోకితే గంటలు కూడా విలువైనవే. కొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ మసక వస్తే శుక్లం తిరిగి వచ్చినట్టు కాదు. కటకాన్ని పట్టి ఉంచే సంచి వెనుక గోడ మసకబారుతుంది. యాగ్ లేజరుతో కొద్ది నిమిషాల్లో దాన్ని సరిచేస్తారు.

రెండో కంటికి వచ్చే నెల తేదీ ఇచ్చారు. రెండు కళ్ళకూ పొంతన లేక ఈలోగా మెట్లు దిగడం కాస్త కష్టంగానే ఉంది, ఎవరో ఒకరం చేయి అందిస్తున్నాం. మీ ఇంట్లో పెద్దవారిని తీసుకువెళ్ళేటప్పుడు ధరల పట్టికకన్నా ముందు, వారు రోజంతా ఏం చూస్తూ గడుపుతారో వైద్యులకు వారి నోటితోనే చెప్పించండి. కుట్టుపని చేసే అమ్మకూ, పొలం గట్టు మీద నడిచే తాతయ్యకూ కావలసిన చూపు ఒకటి కాదు.