ఆ ఏటి పిడకల దండ

ధనుర్మాసం వచ్చిందంటే మా అమ్మమ్మకి ఊపిరి సలిపేది కాదు. కోడికూతకి ముందే లేచి కల్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు. కుంపటి రాజెయ్యాలి, కాగులో నీళ్ళు కాగాలి, కుప్పనూర్పులకి వెళ్ళేవాళ్ళకి చద్దన్నాలు కట్టాలి. ఇవన్నీ ఒకెత్తు, సెలవులకి వచ్చి పడిన మనవసంతానం ఒకెత్తు. కొంగు పట్టుకుని వెనకాలే తిరుగుతూ రాగాలు తీసేవాళ్ళం. విసుక్కునేది, వీపు మీద ఒకటి చరిచేది కూడా. అయినా మమ్మల్ని ఒక్క నిమిషం ఊరికే కూచోనిచ్చేది కాదు. ఎందుకో 2020 డిసెంబరులో గాని నాకు తెలిసిరాలేదు.

మా అమ్మాయి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. అల్లుడిదీ రోజూ బయట తిరిగే ఉద్యోగమే. కరోనాతో బళ్ళు మూతపడ్డాయి, పిల్లల్ని చూసుకునే మనిషి రావడం మానేసింది. దాంతో ఇద్దర్నీ తెచ్చి పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో దింపారు. పెద్దది నాలుగో తరగతి, చిన్నాడు యూకేజీ. అసలే భయంగా ఉంటే, డిసెంబరు మొదటి వారంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. అది కరోనా కాదన్నారు. కాకపోతే మరేమిటని వీధి వీధంతా చర్చ. మా ఆయన టీవీ రిమోటు తీసి బియ్యం డబ్బాలో పెట్టేశారు. వార్తలు చూడకుండా పావుగంట ఉండలేని మనిషి!

ఆ నెలలో 21వ తేదీ, సోమవారం, నాకు బాగా గుర్తు. కొబ్బరిచెట్ల మొవ్వులు కనిపించనంత మంచు. మడతమంచం మీద దుప్పటి ముసుగులో చిన్నాడి కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. "పిడకలు కొడదాం రా" అన్నాను. ఎగిరి దూకాడు.

భోగి పిడక చెయ్యడం చూడ్డానికి తేలికే. ముందురోజు గొబ్బెమ్మల పేడ తీసి, కాస్త గడ్డినలుసు కలిపి, నిమ్మకాయంత ఉండ చేసి అరచేతిలో అప్పచ్చిలా తట్టాలి. పలచగా తడితే ఎండేసరికి పెళుసెక్కి విరుగుతుంది. మందంగా ఉంటే లోపల పచ్చి ఆరదు. నడుమ వేలితో బెజ్జం పొడిచి, ఎండ తగిలేచోట గడ్డి మీద పరవాలి. బెజ్జం ఆరేకొద్దీ చిన్నదవుతుంది, అందుకని కాస్త పెద్దదే పొడవాలి. ఈ సంగతి మా అమ్మమ్మ నోటితో చెప్పలేదు. నా వేలు పట్టుకుని గిర్రున తిప్పింది, అంతే. నేనూ చిన్నాడి వేలు పట్టుకుని తిప్పాను. పెద్దది ముక్కు మూసుకుని దూరంగా నిలబడి, తమ్ముడివి గుండ్రంగా లేవని వంకలు పెట్టి పెట్టి, ఆఖరికి తనే కూచుంది.

ఇంతలో వీధి చివర చిడతలు. హరిదాసు నెత్తి మీద అక్షయపాత్ర ఇంటికి వెళ్ళేదాకా దించడు, మధ్యలో ఎవరితోనూ మాట్లాడడు. పిల్లలు బియ్యం పోయాలంటే తనే మోకాలు వంచి కిందకి వస్తాడు. ఆ ఏడు ఆయన మాస్కు ఒక చెవికి వేళ్ళాడుతోంది. దగ్గరికి పంపనా వద్దా అని నేను తటపటాయిస్తుంటే, చిన్నాడు వాళ్ళమ్మ ఫోన్లో చెప్పిన దూరం లెక్కగట్టి, అక్కణ్ణుంచే గుప్పిట విసిరాడు. సగం గింజలు ఆయన భుజాల మీద, సగం వాకిట్లో. ఆయన నవ్వు ఆపుకోలేక పాట తప్పాడు.

తొమ్మిదిన్నరకి పెద్దదాని క్లాసు. సిగ్నల్ డాబా మీదే అందేది. కుర్చీ, ఫోను, గొడుగు పైకి మోశాను. కిందికొచ్చి పెసరట్టు వేస్తుంటే పైనుంచి గోల. వెళ్ళి చూస్తే, చిన్నాడు అక్క భుజం మీదుగా వంగి, పచ్చి పిడకని కెమెరాకి అడ్డంపెట్టి "మేడమ్, కౌ డంగ్!" అంటున్నాడు. మేడమ్ పాఠం ఆపేసి, తమ ఇంట్లోనూ ఇలాగే కొట్టేవాళ్ళమని చెప్పుకొచ్చింది. పాఠం పోయింది. అట్టు మాడింది.

మధ్యాహ్నం వంటిల్లు సర్దేసరికి మూడు. నడుం వాల్చానో లేదో, పెద్దది నా జబ్బ మీది మచ్చ పట్టుకుంది. రూపాయి కాసంత, లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. మశూచి టీకాది. టీకాలవాళ్ళు వచ్చారని తెలిస్తే మేము గడ్డిమేట్ల చాటున దాక్కునేవాళ్ళమని, వెతికి పట్టుకుని బడి వరండాలో వరసగా నిలబెట్టేవాళ్ళని చెప్పాను. "అప్పుడు కూడా కరోనాయేనా?" అంది. కాదు, దాన్ని అమ్మవారు అనేవాళ్ళు. వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్ళు. 1975 తర్వాత మన దేశంలో మళ్ళీ కనిపించలేదు.

చెబుతూ చెబుతూ ఆగిపోయాను. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక సంక్రాంతికి మా ఎదురింటికీ వేపమండలు కట్టారు. ఆ ఇంట్లో నా ఈడు పిల్ల ఉండేది. పండక్కి గొబ్బి తట్టడానికి తను రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అంత పెద్ద సంగతి నాకు వేపమండలుగానే మిగిలింది. నిన్నమొన్నటిలా గుర్తున్నవి పిడకల దండ, కుంపటి పక్కన కాల్చిన తేగల వాసన, కళ్ళలో పడిన సున్నిపిండి మంట. అమ్మమ్మ ఆ నెలంతా మమ్మల్ని గుమ్మం దాటనివ్వకుండా, దాటనివ్వడం లేదని తెలియనివ్వకుండా, పని మీద పని చెప్పింది. పిల్లల్ని గారం చెయ్యడం ఎవరైనా చేస్తారు. అమ్మమ్మ చేసిందీ పెంపకమంటే, అని నా లెక్క.

ఐదున్నర దాటగానే పొద్దుగూకింది. ఏడాది మొత్తంలో మనకి పగలు అతి తక్కువ ఉండే రోజు. ఆ సాయంత్రం గురుడు, శని 1623 తర్వాత ఎన్నడూ లేనంత దగ్గరికి వస్తున్నారని పేపర్లో వేశారు. పంచాంగంలోనూ ఇద్దరూ మకరంలోనే. అందరం మళ్ళీ డాబా ఎక్కాం. నైరుతి దిక్కున, కొబ్బరి మట్టల పైన, ఒక పెద్ద చుక్క, దానికి అంటుకున్నట్టు ఒక చిన్న చుక్క.

"వాటికి ఆరడుగుల దూరం అక్కర్లేదా?" అన్నాడు చిన్నాడు.

"చూడ్డానికే అలా అంటుకున్నట్టుంది. మధ్యలో డెబ్బై కోట్ల కిలోమీటర్ల పైమాటే" అన్నారు తాతయ్య.

"అయితే మాస్కు అక్కర్లేదు."

రాత్రి వాళ్ళమ్మ వీడియోలో కనిపించింది. ముక్కు మీద మాస్కు నొక్కుకున్న గీత ఎర్రగా ఉంది. పండక్కి వస్తావా అని పెద్దది అడిగితే, సెలవు అడిగానంది. నా వైపు మాత్రం చూడలేదు.

రాలేదు. భోగినాడు వాళ్ళమ్మ దండ మంటలో వేసింది చిన్నాడే. ఆ ముక్కనుమ రోజే, జనవరి 16న, దేశంలో టీకాలు మొదలయ్యాయి. ముందు ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకి. కొద్దిరోజులకి మా అమ్మాయీ వేయించుకుని ఫోటో పంపింది. చిన్నాడు ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, జబ్బంతా వెతికాడు.

"మచ్చేదీ?"

"ఈ టీకాకి మచ్చ పడదురా."

"మరి వేయించుకున్నట్టు ఎలా తెలుస్తుంది అమ్మమ్మా?"

"ఫోనుకి మెసేజ్ వస్తుందిరా" అన్నారు తాతయ్య, బియ్యం డబ్బాలోంచి రిమోటు తీసుకుంటూ.