బెట్టీ బూప్ గొంతు ఎవరిది?

బెట్టీ బూప్ మొదట్లో కుక్క. టీషర్టుల మీదా కాఫీ కప్పుల మీదా ఆ పెద్ద తలనీ, నుదుటి మీది ఉంగరాల జుట్టునీ చూసినవాళ్లకి ఈ మాట చెప్తే నవ్వుతారు. 1930 ఆగస్టులో న్యూయార్క్‌లోని ఫ్లైషర్ స్టూడియో విడుదల చేసిన 'డిజ్జీ డిషెస్'లో ఆవిడకి వేలాడే చెవులుంటాయి, పేరు మాత్రం ఉండదు. హోటల్లో వేదిక మీద పాడుతుంటే, వంటవాడు బింబో ఆర్డరు సంగతి మర్చిపోయి చూస్తుంటాడు. బింబో కూడా కుక్కే. బొమ్మ గీసింది గ్రిమ్ నాట్విక్. 1932 కల్లా ఆ చెవులు గుండ్రటి రింగులైపోయాయి, కుక్క కాస్తా అమ్మాయైంది.

వీటిలో నేను మళ్లీ మళ్లీ చూసేది 1932లో వచ్చిన 'మిన్నీ ది మూచర్'. తిండి దగ్గర నాన్న తిడితే బెట్టీ బింబోతో కలిసి ఇంట్లోంచి పారిపోతుంది. ఒక గుహలో దయ్యం వాల్రస్ ఎదురై, పాడుతూ నాట్యం చేస్తుంది. ఆ గొంతు నల్లజాతి జాజ్ గాయకుడు కాబ్ కాలొవేది. ఆ అడుగులూ ఆయనవే. నిజమైన మనిషి కదలికల్ని ఫిల్ము మీంచి ఒక్కొక్క ఫ్రేమే చూసి గీసే రోటోస్కోప్ పద్ధతి మాక్స్ ఫ్లైషర్ కనిపెట్టిందే. కాకపోతే కాలొవే ఆ సినిమా మొదట్లో తన బృందంతో సహా తెర మీద కనిపిస్తాడు. అది ఎవరి ఆటో, ఎవరి పాటో చూసేవాళ్లకి తెలుస్తుంది.

బెట్టీ గురించి రాసేవాళ్లు చాలామంది ఆవిడ గౌను దగ్గర ఆగిపోతారు. 1934లో హాలీవుడ్ నీతి నియమావళి గట్టిగా అమలయ్యాక గౌను కిందికి దిగింది, గార్టరు మాయమైంది, బెట్టీ బుద్ధిగా ఇల్లు చక్కబెట్టుకునే పిల్లైంది, 1939లో సినిమాలే ఆగిపోయాయి. నిజమే, బాధగానే ఉంటుంది. కానీ నన్ను వదలనిది 1934లోనే న్యూయార్క్ కోర్టులో నడిచిన గొంతు పంచాయితీ.

హెలెన్ కేన్ అప్పటికి పేరున్న గాయని. పాట మధ్యలో 'బూప్ ఊప్ అ డూప్' అని చిన్నపిల్లలా ముద్దుగా పలకడం ఆవిడ ప్రత్యేకత. బెట్టీ మొహమూ పాటా తనవేనని 1932లో ఫ్లైషర్ మీదా పారమౌంట్ మీదా రెండున్నర లక్షల డాలర్లకి దావా వేసింది. మొహం సంగతి ఎవరికైనా కనబడుతూనే ఉంది. నాట్విక్ గీసేటప్పుడు ముందున్నది కేన్ బొమ్మే. పాట సంగతి దగ్గరే కథ అడ్డం తిరిగింది. 'బేబీ ఎస్తర్' అనే నల్లజాతి బాలగాయని ఇలాగే పాడేదనీ, 1928లో కేన్ ఆ ప్రదర్శన చూసిందనీ ఎస్తర్ మేనేజరు సాక్ష్యం చెప్పాడు. అలా పాడటం పిల్లకి తనే నేర్పానని కూడా అన్నాడు. ఎస్తర్ పాడిన ఫిల్ము ముక్క ఒకటి కోర్టులో వేసి చూపించారు. ఆ శైలి తనొక్కదానిదేనని కేన్ రుజువు చేయలేకపోయిందని జడ్జి తేల్చేశాడు. ఫ్లైషర్ గెలిచాడు.

ఎస్తర్ జోన్స్ ఆ కేసులో వాది కాదు, ప్రతివాది కాదు, సాక్షి కూడా కాదు. సాక్ష్యం. ఒక తెల్ల గాయని హక్కుని కొట్టేయడానికి ఆ పిల్ల గొంతు పనికొచ్చింది. అంతవరకే. కోర్టులో చూపించిన ఆ ఫిల్ము ఇప్పుడు లేదు. 'అసలు బెట్టీ బూప్' అంటూ ఇంటర్నెట్‌లో తిరిగే ఫోటో ఆమెది కాదు, ఈ కాలపు మోడల్ ఒకావిడది. న్యాయం చేద్దామనుకుని షేర్ చేసేవాళ్లు కూడా ఎస్తర్ స్థానంలో ఇంకొకరిని నిలబెడుతున్నారన్నమాట.

శైలి ఎవరి సొత్తూ కాదనే వాదన నాకు పూర్తిగా కొట్టెయ్యాలని లేదు. ఎస్తర్‌ని కూడా అప్పట్లో మరో నల్లజాతి గాయని ఫ్లోరెన్స్ మిల్స్‌తో పోల్చేవాళ్లు. పాట ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి పోతూనే ఉంటుంది, పోవాలి కూడా. కానీ 'ఎవరిదీ కాదు' అన్న మాట ఎప్పుడూ డబ్బు తీసుకునేవాడి నోటి నుంచే ఎందుకొస్తుంది? బాలు గొంతుని అనుమతి లేకుండా ఏఐతో ఒక సినిమాకి పుట్టించారని ఆయన కుటుంబం నోటీసు పంపినప్పుడు నాకు ఎస్తరే గుర్తొచ్చింది. బాలుకి అడిగేవాళ్లున్నారు, వేల పాటల దాఖలా ఉంది. ఆ పిల్లకి ఒక్క ఫిల్ము ముక్క కూడా మిగల్లేదు.

2026 జనవరి 1తో అమెరికాలో 'డిజ్జీ డిషెస్' కాపీరైట్ గడువు తీరింది. ఆ కుక్కచెవుల బెట్టీని ఇక ఎవరైనా గీసుకోవచ్చు, పాడించుకోవచ్చు. ఎవరైనా ఆ పని పెట్టుకుంటే నాది ఒకటే కోరిక. మొదట్లో వచ్చే పేర్లలో, కాస్త పెద్దక్షరాలతో, ఎస్తర్ జోన్స్ అని వేయండి.