ట్రాక్టర్ క్యూలో షాంపేన్

ముందే చెప్పేస్తున్నా, నేను వైన్ తాగలేదు. ఈ మ్యాగజైన్ లింక్ మా ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పడుతుంది కాబట్టి ఈ మాట మొదటి లైన్‌లోనే ఉండాలి. మన దగ్గర 'వైన్స్' అని బోర్డు పెట్టిన షాపులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయంటారు. అది కూడా వినికిడే.

నాకు వైన్ పరిచయమైంది శ్రీ సిటీలో, మెషీన్ లెర్నింగ్ నేర్చుకుంటూ. సైకిట్-లెర్న్‌లో రెడీమేడ్‌గా ఒక డేటాసెట్ ఉంటుంది. 178 శాంపిల్స్, 13 కాలమ్స్, మూడు క్లాసులు. ఆల్కహాల్ ఎంత, మ్యాలిక్ యాసిడ్ ఎంత, ప్రోలిన్ ఎంత అని అంకెలు ఇస్తే ఇది ఏ ద్రాక్షో చెప్పాలి. మనలో సగం మంది దాన్ని రన్ చేసే ఉంటారు. కోడ్ పది లైన్లు, ఆక్యురసీ చూసి మురిసిపోవడం, అయిపోయింది. నాకు మాత్రం డిస్క్రిప్షన్‌లో ఒక వాక్యం దగ్గర మనసు ఆగింది. ఆ మూడు రకాలూ ఇటలీలో ఒకే ప్రాంతంలో పండినవట. అంటే ప్రాంతాన్ని ఫిక్స్ చేసి రకాన్ని మార్చారు. మరి రకాన్ని ఫిక్స్ చేసి ప్రాంతాన్ని మారిస్తే?

ఆ ప్రశ్న పట్టుకుని పోతే ఫ్రాన్స్‌లో తేలాను. వాళ్లకి ఇదే పిచ్చి. షార్డనే అనే తెల్ల ద్రాక్ష ఉంది. చలి ఎక్కువ, సున్నపురాయి నేల ఉన్న షాబ్లీలో పండితే పులుపు తేలిన, పదునైన వైన్ అవుతుంది. అదే ద్రాక్ష ఇంకాస్త దక్షిణాన మెర్సో అనే ఊరి చుట్టూ పండితే మెత్తగా, వెన్నలాగా ఉంటుందట. సీసా మీద పెద్దక్షరాల్లో షార్డనే అని ఉండదు, ఊరి పేరే ఉంటుంది. బోర్డోలో ఏటికి ఎడమ పక్క గులకరాళ్ల నేల. నీళ్లు నిలవవు, రాళ్లు పగటి వేడిని పట్టుకుంటాయి, అందుకని ఆలస్యంగా పండే కాబెర్నే సోవిన్యోన్ అక్కడ. కుడి పక్క బంకమన్ను ఎక్కువ, చల్లటి నేల, అక్కడ ముందే పండే మెర్లో. ఒక ఏరు, రెండు గట్లు, రెండు రుచులు.

అన్నిటికంటే నాకు నచ్చింది, ద్రాక్షకి బలమైన నేల పనికిరాదన్న మాట. నేలలో సారం, నీళ్లు ఎక్కువైతే తీగ ఆకుల మీద ఆకులు వేస్తుంది, కాయ మీద ధ్యాస పెట్టదు. ఇది చదివి నేను గట్టిగా నవ్వాను. ఎందుకంటే మా తాత ఇదే మాట మామిడి గురించి చెప్పేవాడు. "కార్తీకం నించి నీళ్లు నిలిపెయ్యాల. చెట్టు ఎండితేనే పూత. దానికి సుఖం మరిగితే ఆకేస్తాది, అంతే."

మాది బంగారుపాళ్యం దగ్గర ఊరు. నాలుగెకరాల ఎర్రగరప నేల, నూట అరవై చెట్లు, ముప్పాతిక భాగం తోతాపురి. మా వైపు దాన్ని బెంగళూరా అంటారు. కోస్తా ఫ్రెండ్స్ కలెక్టర్ కాయ అంటారు. చిలక ముక్కులా కొన తిరిగి ఉంటుంది కాబట్టి తమిళంలో కిలిమూకు. ఇన్ని పేర్లున్నాయి గానీ ఏ పేరులోనూ చిత్తూరు లేదు. మీరు తాగే మామిడి జ్యూస్ సీసాలో చాలావరకు ఉండేది ఈ కాయ గుజ్జే.

2025 జూన్‌లో సెలవులకి ఇంటికి వెళ్లాను. ఆ సీజన్‌లో కాయ విరగ కాసింది, ధర కూలిపోయింది. కిలోకి 12 రూపాయలు అని ప్రభుత్వం ప్రకటించింది, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం ఇస్తుంది. మా ట్రాక్టర్ ఒక గుజ్జు ఫ్యాక్టరీ బయట రెండు రాత్రులు నిలబడింది. నాయన ముందు సీట్లో, నేను ఇంజిన్ పక్కన టవల్ పరుచుకుని. మా వెనక కాయల కింద వరస మెత్తబడి రసం కారి, రోడ్డు మీద ఈగలు. ముందు వెనక అందరిదీ అదే వాసన. తియ్యటి వాసన అంటే భయం వేయడం నాకు అదే మొదటిసారి.

నిద్ర పట్టక ఫోన్‌లో షాంపేన్ గురించి చదువుతున్నా.

"ఏందిరా అంత ఇదిగా చదవతా ఉండావు?" అన్నాడు నాయన.

చెప్పాను. 1911లో షాంపేన్ ప్రాంతపు ద్రాక్ష రైతులు తిరగబడ్డారు. అంతకుముందు ఏళ్లలో పంట సరిగ్గా లేదు, 1910లో అయితే దాదాపు ఏమీ చేతికి రాలేదు. అలాంటప్పుడు కూడా పెద్ద వ్యాపారులు బయటి ప్రాంతాల నుంచి చవక సరుకు తెచ్చి అదే షాంపేన్ పేరుతో అమ్ముతున్నారని కోపం. బయటి సరుకుని మార్న్ నదిలోకి తోసేశారు. అయ్ అనే ఊళ్లో వ్యాపారుల ఇళ్లు, గోదాములు తగలబడ్డాయి. సైన్యం దిగింది.

నాయన లేచి కూర్చున్నాడు. "మల్ల ఏం జేసినారు కడాకి?"

"గీత గీసినారు నాయనా. ఈ గీత లోపల పండిందే షాంపేన్ అని. ఆ గీత ఎక్కడ గీయాలా అని మళ్లీ కొట్లాట. 1927లో గానీ తేలలేదు. 1935లో దేశం మొత్తానికి అట్లాంటి చట్టం వచ్చింది."

"పదారేండ్లా?" అన్నాడు. ఇంకేం అనలేదు. బీడీ ముట్టించుకున్నాడు.

గీత అంటే గుర్తొచ్చింది. అదే నెలలో మా జిల్లాలో కూడా ఒక గీత గీశారు. బయటి రాష్ట్రాల తోతాపురి చిత్తూరు ఫ్యాక్టరీలకి రాకుండా సరిహద్దుల్లో ఆపేశారు. కర్ణాటక ముఖ్యమంత్రి మన ముఖ్యమంత్రికి లేఖ రాసేదాకా వెళ్లింది. బెంగళూరు అని పేరున్న కాయ బెంగళూరు వైపు నుంచి రాకూడదన్నమాట! క్యూలో ఈ మాట అంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "ఆ పక్క కాయ కోసుకొని కూసున్నోడు గూడా మనట్లా రైతే గదా అబ్బోడా" అన్నాడు. నేను మా తోట వైపు నుంచే ఆలోచిస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆ గీత వల్ల మాకు మేలు జరిగిందా అంటే, మా చీటీలో ఫ్యాక్టరీ రాసిన రేటు 8 కంటే తక్కువే. కోత కూలి, ట్రాక్టర్ బాడుగ తీసేస్తే మిగిలింది నా మెస్ బిల్లుకి కూడా చాలదు.

బంగినపల్లికి 2017లో జిఐ ట్యాగ్ వచ్చింది. ఊరి పేరే పండు పేరు, షాబ్లీ లాగా. తోతాపురికి అట్లా ఊరి పేరు తగిలించినా ఏం లాభమో నాకు అర్థం కాలేదు. షాంపేన్ సీసాని మనిషి పేరు చూసి కొంటాడు. గుజ్జు డ్రమ్ములోకి వెళ్లాక మా కాయకి పేరెక్కడిది? కొనేది మనిషి కాదు, కంపెనీ.

క్యాంపస్‌కి తిరిగొచ్చాక నాయన ఫోన్ చేశాడు. సగం చెట్లకి కొమ్మలు కొట్టేసి, కొత్త చిగుళ్లకి బేనీషా అంటు కట్టిద్దామనుకుంటున్నాడట. మూడేళ్లు కాపు ఉండదు. పైగా బెంగళూరా ఏటా కాస్తుంది, బేనీషాకి ఆ భరోసా లేదు. అది నాకంటే నాయనకే బాగా తెలుసు.

ఏం చెప్పాలో తెలియక ఫ్రాన్స్ కథే ఇంకొకటి చెప్పాను. 1860ల్లో అమెరికా నుంచి ఫిలోక్సెరా అనే చిన్న పురుగు వచ్చి వేర్లు తినేసి ద్రాక్ష తోటల్ని తుడిచిపెట్టేసింది. చివరికి ఆ పురుగుని తట్టుకునే అమెరికా వేర్ల మీదే ఫ్రెంచి తీగని అంటు కట్టారు. ఈరోజుకీ అంత గొప్ప బోర్డో తీగలు చాలావరకు నిలబడింది అమెరికా వేర్ల మీదే.

"అంటు కట్టినారా?" అన్నాడు నాయన. గొంతులో కొంచెం హుషారు వచ్చింది. "అయితే మనోళ్లే."

తర్వాత అడిగాను, బావి కాడ మూడు చెట్లు కూడా కొట్టేస్తావా అని. అవి తాత చేత్తో నాటినవి. అవతల కాసేపు ఏమీ వినపడలేదు, మోటర్ శబ్దం తప్ప.

"సంక్రాంతికి వస్తావు గదా. పూత జూసి ఇద్దరం మాట్లాడుకుందాం," అన్నాడు.