సర్వే నివేదికను చదువుట

ఇంగ్లండు దక్షిణతీరమున పాత తెరచాప యాట్‌ను కొనఁగోరు మిత్రుఁడొకఁడు సర్వేయరు నివేదికను నాకు పంపి, అందలి దోషముల పట్టికకు భీతిల్లి, బేరమును విడువనెంచుచున్నాఁడు. ఫైబర్‌గ్లాస్ ఒడలిపై లేచిన బొబ్బలే అతనిని మిక్కిలి కలఁతపెట్టినవి. ఆస్మోసిస్ అనఁబడు ఆ వికారము వ్యయకారణమగును గాని, పడవను ముంచుట అత్యరుదు. నీటినుండి అప్పుడే పైకెత్తిన పడవపై తేమమాపకము చూపు అంకెలను తుదితీర్పుగా గ్రహింపరాదు. అడుగు రంధ్రములకమర్చిన ఇత్తడి కవాటములు తుత్తునాగమును కోల్పోయి గులాబివన్నెకు తిరిగినవన్న చిన్నవాక్యమునకు అంతకంటె నెక్కువ భయపడవలెను. తెరచాపస్తంభమును నిలువఁబట్టు ఉక్కుతీగలకు పదేండ్లు దాటినచో బీమాసంస్థలు పెక్కు వానిని మార్పింపుమనును. ఆ మేరకు ధర తగ్గింపుమని యడుగుట న్యాయమే.

అన్నిటికంటె శ్రద్ధతో చదువవలసినది ‘పరీక్షింప వీలుపడలేదు’ అను పంక్తి. ఏలయన, 2014 మే నెలలో ‘చీకీ రఫీకీ’ అను యాట్ ఆంటిగ్వానుండి సౌతాంప్టనుకు మరలివచ్చుచుండఁగా, అట్లాంటికు నడుమ దాని అడుగున బిగించిన బరువైన కీల్ ఊడి, నలుగురు నావికులు ప్రాణములు కోల్పోయిరి. పూర్వము అడుగుభాగము నేలఁదాఁకుటయు, తదనంతరపు మరమ్మతులును కలిసి నిర్మాణమును బలహీనపఱచియుండవచ్చుననియు, ఒడలికిని లోపలి చట్రమునకును గల అతుకు సడలినను సులభముగా కనఁబడకపోవచ్చుననియు బ్రిటిషు నౌకాప్రమాద పరిశోధకులు వ్రాసిరి.

కావున, పాత యాట్ కొనఁదలఁచిన మిత్రులారా, కీల్ ఎన్నఁడైన నేలఁదాఁకినదా యని అమ్మకందారుని లిఖితపూర్వకముగా అడుగుఁడు. పిమ్మట సర్వేయరుకు ఫోను చేసి, సముద్రములోనికి పోకమునుపే సరిచేయవలసినవి ఏవియో, తాను చూడలేకపోయినవి ఏవియో ఒక్కొక్కటిగా చెప్పించుకొనుఁడు.