ఇంగ్లీషూ నేనూ – 7: గ్రేడెడ్

హాస్టల్లో ఇంగ్లీషు పదాల లిస్టు బట్టీ పట్టేవాణ్ణి. పొద్దున నేర్చింది రాత్రికి ఉండేది కాదు. బాబాసాహెబ్ రాతల్లో దొరికిన 'గ్రేడెడ్ ఇనీక్వాలిటీ' మాత్రం పోలేదు. ఇనీక్వాలిటీకి డిక్షనరీ చాలింది, గ్రేడెడ్‌కి మా అమ్మ కావాల్సొచ్చింది. అమ్మ గుంటూరులో మిర్చి గ్రేడింగు కూలికి పోయేది. ఘాటుకి దగ్గుకుంటానే ఎర్రకాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప ఏరేది. ఒకే చేలో కాసిన కాయలే, కుప్పకో రేటు. కులమూ అంతే, ప్రతి మెట్టుకీ తొక్కడానికి కింద ఇంకో మెట్టు.

ఆ మాటతో సొంత వాక్యం రాయమన్నారు లెక్చరర్. 'మై మదర్ గ్రేడ్స్ చిల్లీస్' అని రాశాను. మా మాలపల్లెలో, మా ఇంట్లోనే, నా మాదిగ నేస్తానికి విడిగా పెట్టిన గ్లాసు మీద రెండో వాక్యం రాసి, కొట్టేశాను. ఆ గ్లాసు పెట్టింది అమ్మే.