పాత బండా? కొత్త బండా?

మీ ఇంట్లో ఫ్రిజ్ మార్చాలన్నా, మిక్సీ మార్చాలన్నా చివరి మాట మీదేనా? మా ఇంట్లోనూ అంతే. కానీ మోటార్ సైకిల్ విషయంలో కూడా తీర్పు నన్నే చెప్పమంటారని నేను కలలో కూడా అనుకోలేదండీ. ఎందుకు నన్నడిగారంటారా? డబ్బు నాది కనుక. నెలనెలా కట్టుకుంటూ వచ్చిన చీటీ 2024లో పాడుకున్నాను. రెండు లక్షలు చేతికొచ్చాయి.

మా మారేడ్‌పల్లి ఇంటి వరండాలో ఒక పసుపుపచ్చ కరిజ్మా ఉంది. హీరో హోండా కంపెనీ 2003లో ఆ మోడల్‌ని తెచ్చింది. మరుసటి ఏడాదే మావారు కొన్నారు. 223 సిసి ఇంజను, ముందు అద్దంతో సహా సగం తొడుగు, దూరప్రయాణాలకని పెద్ద ట్యాంకు. ఆ రోజుల్లో ప్యారడైజ్ సెంటర్లో ఆగితే కుర్రాళ్ళు తలలు తిప్పి మరీ చూసేవారు. యాదగిరిగుట్ట, నాగార్జున సాగర్, శ్రీశైలం అన్నీ దాని మీదే తిరిగాం. చెప్పొద్దూ, వెనక సీట్లో నేను పడ్డ మురిపెం ఇంకే కారులోనూ పడలేదు.

ఇరవై ఏళ్ళు గడిచాయి. హీరో, హోండా విడిపోయాయి. హీరో మోటోకార్ప్ 2023 ఆగస్టులో కరిజ్మా పేరుతోనే కొత్త బండి విడుదల చేసింది. 210 సిసి, ఆరు గేర్లు, నీళ్ళతో చల్లబడే ఇంజను, రెండు చక్రాలకీ ఏబీఎస్ బ్రేకు. అప్పటి ప్రారంభ ధర 1,72,900 రూపాయలు. రోడ్ టాక్సూ, ఇన్సూరెన్సూ వేరే.

మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్ళు. ఉద్యోగంలో చేరాడు. సెలవొస్తే స్నేహితులతో బళ్ళ మీద ఊళ్ళు తిరగడం సరదా. వాడు కొత్తదే అడుగుతాడనుకుంటున్నారు కదూ? కాదండీ. "అమ్మా, నాన్న బండి బాగు చేయించి ఇవ్వు చాలు. ఇలాంటిది ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. మావారేమో "వద్దురా, కొత్తది కొనుక్కో" అని ఒకటే పట్టు. ఎందుకో మాత్రం చెప్పరు. వారం రోజులు ఇద్దరూ ఎడమొహం పెడమొహం. నా మనసు లోలోపల పాతదాని వైపే మొగ్గింది. ఆ సీటు మీద నా వయసంతా ఉంది మరి.

చివరికి నెల సరుకుల జాబితా రాసే పుస్తకం తీసి, కాగితం మధ్యలో గీత గీశాను. ఒక పక్క పాతది, ఒక పక్క కొత్తది. మెకానిక్‌ని ఇంటికి పిలిచి టీ ఇచ్చి అన్నీ అడిగాను.

పాతదాన్ని పూర్తిగా విప్పి బాగు చేయడానికి ముప్పై వేల పైచిలుకు అవుతుందన్నాడు. ఆ మోడల్ తయారీ ఆగిపోయింది కాబట్టి కొన్ని సామాన్లకి రాణీగంజ్‌లో కొట్టు కొట్టూ తిరగాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ అయిదేళ్ళకోసారి తిరిగి చేయించుకోవాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది కాబట్టి పాత బళ్ళలో రబ్బరు గొట్టాలూ, గాస్కెట్లూ తరచుగా చూసుకుంటూ ఉండాలి. అయితే ఏ గొడవా లేని సులువైన ఇంజను. మామూలు మెకానిక్ కూడా విప్పగలడు. కొత్తదాంట్లో పెట్రోలు ఎంత వెళ్ళాలో కంప్యూటరే చూసుకుంటుంది. చల్లటి పొద్దున చోక్ లాగే పని లేదు. కానీ పాడైతే కంపెనీ సర్వీసుకే తీసికెళ్ళాలి. ఇక్కడిదాకా తక్కెడ సమానంగానే ఉంది.

ఇక మిగిలింది బ్రేకు. "ఏబీఎస్ అంటే ఏమిటి బాబూ?" అన్నాను. "తడి గచ్చు మీద గబుక్కున ఆగబోతే కాలు జారదా అమ్మా, చక్రమూ అంతే. బ్రేకు గట్టిగా నొక్కితే తిరగడం మానేసి జారిపోతుంది. ఏబీఎస్ ఉంటే చక్రం బిగుసుకుపోబోతోందని కనిపెట్టి, క్షణంలో ఎన్నోసార్లు బ్రేకు వదిలి పట్టుకుంటుంది. చక్రం తిరుగుతూనే బండి ఆగుతుంది" అన్నాడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సిసి దాటిన కొత్త బళ్ళన్నిటికీ అది తప్పనిసరట.

నా చేతిలో కలం ఆగిపోయింది. మావారి వంక చూశాను. ఆయన తల దించుకున్నారు.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట ఇది. 2008 వానాకాలంలో శ్రీశైలం నుంచి తిరిగొస్తున్నాం. ఈగలపెంట దాటాక సన్నటి తుంపర, మలుపు. రోడ్డు మధ్యలో కోతులు. ఆయన ఒక్కసారిగా బ్రేకు తొక్కారు. వెనక చక్రం బిగుసుకుని పక్కకి జారింది. తప్పు బండిది కాదు, వానదీ, మా తొందరదీ. రాత్రి 9 గంటలకి అడవి గేటు మూసేస్తారని వేగంగా వస్తున్నాం. ఆయన తలకి హెల్మెట్ ఉంది. నా తల మీద కొంగు మాత్రమే ఉంది. నా అదృష్టం బాగుండి ఎడమ మణికట్టు విరగడంతో సరిపోయింది. అత్తయ్యగారికి గుడి మెట్ల మీద జారానని చెప్పాం. ఆరు వారాలు ఆవిడే చపాతీలు ఒత్తారు. నిజం తెలిస్తే ఇక మమ్మల్ని బండెక్కనివ్వరని ఇద్దరం నోరు కట్టేసుకున్నాం. అప్పుడు మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు.

ఆ సాయంత్రం వాణ్ణి కూచోబెట్టి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. తరవాత "నాన్నా, అందుకేనా?" అన్నాడు. మావారు ఊఁ అన్నారు, అంతే. పదహారేళ్ళుగా ఆయన ఆ చక్రం జారిన చప్పుడు మోస్తూనే ఉన్నారని నాకూ అప్పుడే తెలిసింది.

కొత్తది కొన్నాం. దసరాకి రెండు బళ్ళకీ కలిపే పూజ చేశాను. పాతదాన్ని అమ్మలేదు. ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కి కూరలకి వెళ్ళొస్తాం, నెమ్మదిగా. ఈసారి నా తలకీ హెల్మెట్ ఉంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పేచీ వస్తే బండి అందం చూసి తీర్పు చెప్పకండి. ఎవరు నడుపుతారు, ఎంత దూరం, ఏ రోడ్డు మీద అని అడగండి. ఏబీఎస్ ఒక చక్రానికేనా, రెంటికీనా అని షాపులోనే తేల్చుకోండి. వెనక కూచునే మనకి శారీ గార్డు, పట్టుకునే కడ్డీ ఉన్నాయో లేదో చూడండి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. వెనక కూచున్నవాళ్ళూ హెల్మెట్ పెట్టుకోవాలని చట్టమే చెబుతోంది.

మరో మాట. ఇంట్లో దాచిన ఇలాంటి దెబ్బ ఏదైనా ఉంటే, బండి తాళాలు చేతికిచ్చే ముందే పిల్లలకి చెప్పేయండి. మావాడు ఇప్పుడు ఘాట్ రోడ్డు ఎక్కే ముందు ఫోన్ చేస్తాడు. "వాన లేదమ్మా" అంటాడు. అప్పుడుగానీ నేను పొయ్యి వెలిగించను.