నూజివీడు రసం తినాలంటే నూజివీడే వెళ్లాలి

మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మామిడిపళ్ల బండి దగ్గర ఆగి చూడండి. ‘ఎక్కడివి?’ అని మనం అడగక్కర్లేదు. ‘నూజివీడు రసాలు సార్, తేనెలా ఉంటాయి’ అని బండాయనే అందుకుంటాడు. ఆ కాయ నిజంగా ఎక్కడ కాసిందో దేవుడికెరుక. పేరు మాత్రం అదే చెప్పాలి, లేకపోతే బేరం కుదరదు.

ఇంత పేరున్న ఊరు ఎలా ఉంటుంది? దట్టమైన తోటలు, మధ్యలో నాలుగు పెంకుటిళ్లు, చెట్టుకింద నులకమంచం... అందరికీ ఇలాంటి బొమ్మే మనసులో ఉంటుంది. బస్సు దిగి చూస్తే ఇరుకు రోడ్లు, వాటికి రెండు వైపులా అంగుళం వదలకుండా కట్టిన షాపులు, వాటి మీద ఇళ్లు, ఇళ్ల మీద హాస్టళ్లు. 2011 లెక్కల ప్రకారం మున్సిపాలిటీ జనాభా 58,590. తర్వాత పెరిగినవాళ్లని కళ్లతోనే లెక్కేసుకోవచ్చు. చుట్టూ ఎటు చూసినా మామిడే. మధ్యలో ఈ ఊరు మాత్రం పండ్ల బుట్టలో కుక్కిన కాయల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటుంది.

రైలు దిగితే నూజివీడు రాదు

ముందుగా ఒక జాగ్రత్త. రైల్వే యాప్‌లో ‘నూజివీడు’ అని కొడితే స్టేషన్ వస్తుంది. సంబరపడి టికెట్ బుక్ చేసుకోకండి. బోర్డు మీద నూజివీడు అని రాసున్న ఆ స్టేషన్ హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్ల పైనే. పైగా ఆగే రైళ్లూ తక్కువే.

నేను విజయవాడ నుంచి ఆగిరిపల్లి మీదుగా బస్సులో వెళ్లాను. నలభై కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. అటు ఏలూరు వెళ్లాలన్నా దాదాపు అంతే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల్ని విడగొట్టినప్పుడు కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ‘కలెక్టరాఫీసు పనికి ఏలూరు, ఆస్పత్రికీ బట్టలకీ బెజవాడ. మేం మధ్యలో ఉన్నాం’ అన్నాడు నా పక్క సీటాయన. ఈ మాట ఆరోజు ఇంకో ఇద్దరు ముగ్గురి నోట కూడా విన్నాను.

రెండు గాంధీ బొమ్మల మధ్య

ఊళ్లో అడ్రస్ అడిగితే ముందు వచ్చే ప్రశ్న ‘పెద్ద గాంధీ బొమ్మా, చిన్న గాంధీ బొమ్మా?’ అని. రెండు సెంటర్లు, ఇద్దరు గాంధీలు. ఊరి వ్యాపారమంతా ఈ రెండు బొమ్మల చుట్టూ తిరుగుతుంటుంది. ఫెర్టిలైజర్ షాపు పక్కన మొబైల్ షాపు, దాని పక్కన బిర్యానీ పాయింట్, ఆ పైన కోచింగ్ సెంటర్. కారు తిప్పాలంటే ముగ్గురు దిగి ‘రా రా రా’ అనాలి. సీజన్లో మామిడి ట్రాలీ ఆటోలు కూడా వీటిలో కలిస్తే ఇక నడవడమే మేలు.

ఈ ఇరుకుకి పాత కారణం ఒకటుంది. నూజివీడు మేకా వంశపు జమీందారుల ఊరు. కోట చుట్టూ అల్లుకుంటూ పెరిగింది. కాబట్టి పాత వీధులన్నీ ఎడ్లబండ్లకి సరిపోయేలా వేసినవే. ఒకప్పుడు ఇక్కడ నువ్వుచేలు ఉండేవనీ, ‘నువ్వుచేనివీడు’ కాస్తా నోళ్లలో నలిగి నూజివీడు అయిందనీ ఊరివాళ్లు చెప్తారు. 1783లో ఇక్కడి జమీందారు ఈస్టిండియా కంపెనీకి ఎదురు తిరిగితే కంపెనీ సేనలొచ్చి కోటని పట్టుకున్నాయి. తర్వాత ఎస్టేట్ వారసుల మధ్య ముక్కలైంది. 1948 చట్టంతో జమీందారీలే రద్దయిపోయాయి.

రాజ్యం పోయినా ఆ కుటుంబం గుర్తుగా ఊరికి చదువు మిగిలింది. ఎం.ఆర్. అప్పారావు ఇక్కడి నుంచి శాసనసభకి వెళ్లారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. ధర్మ అప్పారావు కాలేజీలో చదువుకున్న కుటుంబాలు చుట్టుపక్కల మండలాల్లో ఊరికి పది తగుల్తాయి. కృష్ణా యూనివర్సిటీ పీజీ కేంద్రానికి పెట్టిందీ ఆయన పేరే.

వీణ సంగతి కూడా చెప్పాలి. బొబ్బిలి వీణ గురించి అందరూ వింటారు గానీ నూజివీడుకీ ఆ పని ఉంది. పనస కర్రని తొలిచి కుండ చేసి, దండి బిగించి, మైనం మీద ఇరవై నాలుగు మెట్లు కూర్చోబెట్టే పని అది. ఒక్క మెట్టు వెంట్రుకవాసి జరిగినా శృతి తప్పుతుంది.

పదిమందికి ఒకరు ట్రిపుల్ ఐటీ

మైలవరం రోడ్డు ఎక్కితే ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తొలి మూడు క్యాంపస్‌లలో ఇదొకటి. మిగతా రెండూ బాసర, ఇడుపులపాయ. పదో తరగతి అవగానే ఇక్కడ చేరితే ఆరేళ్లు ఇక్కడే. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి సీటు విషయంలో కొంత వెసులుబాటు ఉంటుంది. అందుకే శ్రీకాకుళం నుంచి రాయలసీమ దాకా పల్లెటూరి పిల్లలు ఇక్కడ కనిపిస్తారు.

లెక్కేయండి. ఏటా వెయ్యి మంది అనుకున్నా ఆరేళ్లకి ఆరు వేలు. ఊరి జనాభాకి పదో వంతు! సెలవు రోజుల్లో ఈ పిల్లలు బయటికొస్తే జ్యూస్ షాపుల దగ్గర ఉత్తరాంధ్ర యాస, సీమ యాస కలిసి వినిపిస్తాయి. పదిహేనేళ్ల వయసులో మొదటిసారి ఇల్లు వదిలిన పిల్లకి ఈ ఇరుకు ఊరే మొదటి సిటీ. ‘మాకు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగే మొదటి మాట, మామిడిపళ్లు తింటున్నావా అని’ అని నవ్వింది ఒకమ్మాయి. ‘సీజన్ పీక్‌లో ఉండగానే సెలవులు ఇచ్చేస్తారు, ఎక్కడ తినేది!’

పేరు ఒకటి, కాయ ఒకటి

మర్నాడు పొద్దున్నే ఊరు దాటి తోటల్లోకి వెళ్లాను. ఎర్ర నేల, గట్లు, వరస తప్పని చెట్లు. ఇది మెట్ట ప్రాంతం. కృష్ణా డెల్టా పచ్చదనం కింద హనుమాన్ జంక్షన్ దాటాక మొదలవుతుంది. సాగర్ ఎడమ కాలువ ఇటువైపు రావాలి గానీ చివరి భూములకి నీళ్లు అందడం అరుదు. కాలువ లేదు కాబట్టే మామిడి వచ్చింది. వేరు లోతుకి దింపుకుని, వానతోనే సరిపెట్టుకునే చెట్టు అది.

చిక్కం కట్టిన పొడవాటి గెడతో ఒక తాతగారు కాయలు దింపుతున్నారు. ముచ్చిక ఉంచి కోయాలట. ముచ్చిక ఊడితే సొన కారి తోలు మీద మచ్చ పడుతుంది, ధర పడిపోతుంది. ‘ఇవేంటి తాతగారూ, రసాలేనా?’ అనడిగాను.

‘బంగినపల్లి బాబూ. రసాలు అదిగో, ఆ గట్టు పక్కన నాలుగు చెట్లు. ఇంట్లోకి ఉంచుకున్నాం.’

నాలుగే చెట్లు! కారణం అడిగితే తేలిగ్గా చెప్పేశారు. బంగినపల్లి తోలు గట్టిది, లారీ ఎక్కి ఢిల్లీ దాకా వెళ్లినా నిలబడుతుంది. చిన్నరసం పండాక రెండు మూడు రోజులు. పీచూ రసమూ తప్ప లోపల గట్టి కండ ఉండదు, కోసి ముక్కలు పెట్టడానికి కుదరదు. దూరం వెళ్లలేని పండుని వ్యాపారి ఎందుకు కొంటాడు?

గమ్మత్తు చూడండి. నూజివీడు పేరుని దేశమంతా మోసిన పండు ఊరు దాటలేదు. ఊరు దాటే పండుకేమో ఇంకో ఊరి పేరు. బంగినపల్లి అంటే నంద్యాల జిల్లా బనగానపల్లె. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరుతోనే వచ్చింది. నూజివీడు పేరు ఇంకోలా కూడా ప్రయాణం చేసింది. 1973లో మొదలైన నూజివీడు సీడ్స్ పత్తి విత్తనాలు, మల్లిక, బన్నీ లాంటి రకాలు, వేరే రాష్ట్రాల పత్తి రైతుల ఇళ్లల్లోకీ వెళ్లాయి. ఊరు ఏ మూలనుందో తెలియని రైతు కూడా ప్యాకెట్ మీద ఆ పేరు చదివాడు.

చెట్ల మధ్య హద్దురాళ్లు

తాతగారి తోట అంచున తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసగా కనిపించాయి. పక్క తోటని ప్లాట్లు వేశారు. ఇంకొంచెం ముందుకెళ్తే మామిడి మొద్దులు కుప్పపోసి, వాటి పక్కన పామాయిల్ మొక్కలు.

రైతుని తప్పుపట్టే పని కాదిది. మామిడికి ఏడాదిలో ఒక్కటే పంట. పూత డిసెంబరు, జనవరిలో వస్తుంది. మంచు పడితే పురుగు, తేనెమంచు. ఈమధ్య తామర పురుగు. పిందె నిలబడితే వేసవి గాలివాన. అన్నీ దాటాక ధర. దానికి తోడు ఒక ఏడాది విరగకాస్తే మరుసటేడు చెట్టు విశ్రాంతి తీసుకుంటుంది. అందుకే చాలామంది పూత మీదే తోటని గుత్తకిచ్చేసి చేతులు దులుపుకుంటారు. పామాయిల్ అలా కాదు. నాలుగో ఏడాది నుంచి గెలలు కోస్తూనే ఉండొచ్చు, నెలనెలా డబ్బు కనిపిస్తుంది. ప్లాట్లు వేస్తే ఒకేసారి.

అయితే నీళ్ల లెక్క వేరు. మామిడి వానతో బతికింది. పామాయిల్‌కి ఏడాది పొడుగునా తడి కావాలి, అది బోరు నుంచే రావాలి. కాలువ రాని మెట్టలో ఎంతకాలం ఇస్తాయి బోర్లు? ‘అదీ తెలుసు బాబూ. కానీ మావాడు హైదరాబాద్‌లో జాబు. పురుగుమందు కొట్టించడానికి ఏటా నాలుగుసార్లు వచ్చిపోతాడా?’ అన్నారు తాతగారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఊరు పెరగడానికి చోటు కావాలన్నదీ నిజమే. కానీ ఎటు పెరుగుతున్నామో చూసుకోకపోతే ఏమవుతుందో 2024లో తెలిసింది. సెప్టెంబరు మొదట్లో, విజయవాడని బుడమేరు ముంచిన ఆ వానలకే, నూజివీడు పెద్ద చెరువుకి గండి పడింది. కింద కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. తోట నేల వానని తాగుతుంది, సిమెంటు రోడ్డు తాగదు. తాగని నీళ్లు పల్లం వెతుక్కుంటాయి, ఇరుకు ఊళ్లో పల్లం అంటే ఎవరిదో ఒకరి వాకిలి.

పండు తినే పద్ధతి

తాతగారి ఇంట్లో ఓ మూల వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్లీ గడ్డి కప్పారు. దాన్ని మాగేయడం అంటారు. నాలుగైదు రోజుల్లో గది నిండా వాసన. మార్కెట్లో త్వరగా పండించడానికి వాడే కార్బైడ్ నిషేధం. ఎథిలీన్ గ్యాస్‌ని 100 పీపీఎం దాకా వాడొచ్చని నిబంధన. గడ్డికి ఏ నిబంధనా అక్కర్లేదు, ఓపిక ఒక్కటి ఉంటే చాలు.

రసం తినడానికి చాకు పనికిరాదు. కాసేపు నీళ్లలో వేసి, సొన పోయేలా కడిగి, అరచేతుల మధ్య మెత్తగా పిసకాలి. ముచ్చిక దగ్గర చిన్న కన్నం చేసి మొదటి చుక్కలు పారబోసి, ఇక జుర్రుకోవడమే. మోచేతుల దాకా కారుతుంది. ఫోన్ దూరంగా పెట్టండి. టెంక తెల్లబడేదాకా చీకాక ‘ఇంకోటి?’ అని అడుగుతారు. వద్దనకండి. నేను ఐదు తిన్నాను, లెక్క తాతగారి మనవరాలు చెప్పింది.

ఆన్‌లైన్‌లో డబ్బా ఆర్డర్ చేస్తే వచ్చేది చాలావరకు ప్రయాణం తట్టుకునే రకమే. ఆ గట్టు పక్క నాలుగు చెట్లవి మన యాప్‌లోకి రావు. కొనేవాడు గుమ్మం దాకా వస్తేనే ఆ చెట్లకి విలువ. వస్తారని తెలిస్తే ఐదో చెట్టు నాటేవాళ్లూ ఉంటారు.

వెళ్లాలనుకుంటే

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం లోపు మంచి సమయం. విజయవాడ, ఏలూరు, హనుమాన్ జంక్షన్ మూడు చోట్ల నుంచీ బస్సులున్నాయి. విజయవాడ నుంచి వస్తే దారిలో ఆగిరిపల్లి శోభనాచలం కొండ మీద నరసింహస్వామి గుడి చూడొచ్చు. పొద్దున ఏడింటికల్లా తోటల్లో ఉండండి, పదయ్యాక ఎండ నిలబడనివ్వదు. తోటలోకి అడిగి వెళ్లండి, కాపలా మనిషి ఉంటాడు. కాయ అడిగినప్పుడు ‘నూజివీడు మామిడి’ అని కాకుండా ‘చిన్నరసాలున్నాయా?’ అని పేరు పెట్టి అడగండి. ఉంటే ఆయన మొహం వెలుగుతుంది. లేకపోతే ఏ ఇంటి దొడ్లో ఉన్నాయో దారి చెప్తాడు.